పదమూడో సెక్షన్ జనాభా

పటం మీద హాల్‌బర్ట్ టౌన్‌షిప్ స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. నిజంగా గీసిందీ అలాగే. అటు ఆరు మైళ్ళు, ఇటు ఆరు మైళ్ళు, మధ్యలో ముప్పై ఆరు గళ్ళు. ఒక్కో గడిని సెక్షన్ అంటారు. చాలా సెక్షన్లలో మొక్కజొన్న, సోయాబీన్ తప్ప మనిషి అలికిడి ఉండదు. నైరుతి మూల ఒక వాగు, వాగు పక్కన ఒక చర్చి, నాలుగు ట్రైలర్ ఇళ్ళు. జనమంటూ ఉన్నది తూర్పు అంచున, హైవేని ఆనుకున్న పదమూడో సెక్షన్‌లో. అక్కడ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసు, దానికెదురుగా పన్నెండు బిల్డింగుల అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి అక్కడ ఏ మెట్ల దగ్గర నిలబడ్డా ఇంగువ పోపు వాసనే.

ఆ గళ్ళన్నీ కావ్యశ్రీకి కంఠతా వచ్చు. టౌన్‌షిప్ ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం ఆమెది. ఎమ్మెస్ అయ్యాక వందల చోట్ల అప్లై చేస్తే దొరికిన ఒకే ఒక్కటి, అదీ తాత్కాలికం. చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే ఓపీటీ గడువు జులైతో అయిపోతుంది. మార్చిలో ఎవరో ఒకరు హెచ్1బి వీసాకి పేరు పెట్టకపోతే పెట్టె సర్దుకోవడమే.

టౌన్‌షిప్‌ను నడిపే డేల్ అనే పెద్దాయన ఒకరోజు పిలిచి విషయం చెప్పాడు. పాత లెక్కలో జనాభా నాలుగు వేల ఆరు వందలు. ఈసారి ఐదు వేలకు చేరితే రాష్ట్రం నుంచి రోడ్లకు నిధులొస్తాయి, ఆమె పోస్టు పర్మనెంట్ అవుతుంది, వీసా కాగితాల మీద తనే సంతకం పెడతాడు. అందుకే ఈ శరత్కాలంలో మళ్ళీ జనాభా లెక్కలు తీయిస్తున్నారు.

ఐదు వేలు ఏపాటి అనుకుంది కావ్యశ్రీ. పదమూడో సెక్షన్‌లో ఒక్కో ఇంట్లో ఐదారుగురు ఉన్నారు, అంతా మనవాళ్ళే. కాంప్లెక్సు వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టింది. తలుపు తీయండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దీనికీ వీసాకీ సంబంధం లేదు. ఎనభై మంది బొటనవేలు చూపించారు.

ఇళ్ళ వెంట తిరిగేవాళ్ళకి ఏరియాలు పంచిందీ ఆమే. ఎవరి అడ్రసుకు దగ్గరున్న బ్లాకులు వాళ్ళకే వచ్చేట్టు కంప్యూటర్‌లో సర్దింది. పేర్లు చూడలేదు, నంబర్లే చూసింది. డేల్ తెగ మెచ్చుకున్నాడు.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. కన్నంలోంచి చూస్తే బ్రెండా! కాంప్లెక్సులో ఇళ్ళు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు బ్రెండా. ఏసీ ఫిల్టర్ మార్చాలని లోపలికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టుకుని వెళ్ళే మనిషి. ఇప్పుడు ఆమె మెడలో సెన్సస్ బ్యాడ్జి వేలాడుతోంది. ఆమె ఉండేదీ ఈ కాంప్లెక్సులోనే. దగ్గరున్న బ్లాకులు ఆమెకిచ్చింది కావ్యశ్రీయే.

ఆ రెండు బెడ్‌రూముల ఇంట్లో కావ్యశ్రీతో కలిపి ఆరుగురు అమ్మాయిలు ఉంటున్నారు. లీజు మీద ఉన్నవి రాగిణి, పూజితల పేర్లే, అంతకు మించి ఉన్నట్టు తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు. కావ్యశ్రీ కాక మిగతా ముగ్గురూ అలవాటు ప్రకారం బట్టల క్లాజెట్‌లోకి దూరారు. చెప్పులు బాత్‌టబ్‌లోకి వెళ్ళాయి.

"నేను ప్రమాణం చేసి వచ్చాను. ఇక్కడ మీరు చెప్పింది లీజింగ్ ఆఫీసుకు పోదు" అంది బ్రెండా. పాపం, నిజమే చెప్పింది. "ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

రాగిణి కావ్యశ్రీ మొహంలోకి చూసింది.

"ఇద్దరు" అంది కావ్యశ్రీ. "నేను ఫ్రెండ్‌ని, ఊరికే చూసిపోదామని వచ్చాను."

గ్రూపులో అంత ఉపన్యాసం ఇచ్చిన మనిషి, తడుముకోకుండా అనేసింది. తలుపేసుకున్నాక సిగ్గేసింది. ఒక్క ఇల్లేగా, మిగతావాళ్ళు నిజం చెప్తారులే అనుకుంది. ఆ వారమంతా పన్నెండు బిల్డింగుల్లోనూ అందరూ సరిగ్గా అలాగే అనుకున్నారు.

జనవరిలో లెక్క తేలింది. నాలుగు వేల తొమ్మిది వందల తొంభై ఒకటి.

"తొమ్మిది మంది" అన్నాడు డేల్ తల పట్టుకుని. లెక్కలో రానివాళ్ళు రెండు వారాల్లోగా ఫారం నింపి సంతకం చేస్తే చేర్చుకుంటారు. పేరు, అడ్రసు వారం రోజులు నోటీసుబోర్డు మీద ఉంటాయి.

కావ్యశ్రీ ఫారాలు పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కింది. అడ్రసు బోర్డు మీద పెడతారనగానే ఎవరికి వాళ్ళు మొహం చాటేశారు. చివరికి సొంత ఇంట్లోనే అడిగింది.

"అక్కా, లెక్కలో లేని మేం నలుగురం పెడితే ఇంక ఐదుగురే కావాలి."

"నీ వీసా కోసం మమ్మల్ని రోడ్డు మీద పడేస్తవా?" అంది రాగిణి. "లీజు నా పేరు మీదుంది. ఎవిక్షన్ అని రికార్డుల పడితే మళ్ళ నాకు ఇల్లెవడిస్తడు?"

"అది కాదక్కా..."

"బ్రెండా అడిగిన్నాడు ఇద్దరని ఎవరన్నరు? నేను అనమన్ననా?"

కావ్యశ్రీ ఫారాలు మడిచి సంచిలో పెట్టేసింది. ఉద్యోగం లేని ఐదు నెలలూ అన్నం పెట్టి, తన మంచం కూడా ఇచ్చింది ఈ రాగిణే. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

గడువు ఆఖరి రోజు సాయంత్రం డేల్ బురద బూట్లతో లోపలికొచ్చాడు. వాగు పక్క ట్రైలర్లన్నీ తనే తిరిగాడట. ఎనిమిది ఫారాలు బల్ల మీద పరిచాడు. తొమ్మిదోది ఖాళీగా ఉంది.

"ఒక్కటే తక్కువ. ఇంకో అరగంటలో ఆఫీసు మూసేస్తారు."

కావ్యశ్రీ ఆ ఖాళీ ఫారం చేతిలోకి తీసుకుంది. పేరు, అడ్రసు, సంతకం, మూడే గీతలు. ఆఫీసు రికార్డుల్లో ఆమెది ఇంకా యూనివర్సిటీ ఊరి అడ్రసే, లీజు లేని మనిషికి మరో అడ్రసు ఎక్కడిది? ఇప్పుడు అసలు అడ్రసు రాస్తే ఉద్యోగం నిలుస్తుంది. సోమవారం పొద్దున బ్రెండా నోటీసుబోర్డు చదువుతుంది. ఆ తర్వాత రాగిణి, ఇంకో నలుగురు, ఈ చలిలో.

పెన్ను తీసింది. మూత పెట్టింది.

డేల్ కిటికీలోంచి చీకటి పడుతున్న పొలాలకేసి చూస్తూ నిట్టూర్చాడు.

"నీ తప్పేం లేదమ్మా, రెండు వారాలూ నీ అంత ఎవరూ తిరగలేదు. కనీసం నువ్వైనా మా టౌన్‌షిప్‌లో ఉండి ఉంటే బావుండేది."

"అవును డేల్" అంది కావ్యశ్రీ.