కావలి పెట్టె పట్టిన దొంగ

దొంగల్ని పట్టే యంత్రం చెయ్యాలంటే ముందు దొంగలు కావాలి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, వదినకు మొదట్లో కంటి మీద కునుకు లేకుండా చేసిన చిక్కు అదే. ఆమె తయారు చేసింది ఒక చిన్న నల్లటి పెట్టె. గోడౌను గోడకు తగిలిస్తే కెమెరా కంటితో లోపల తిరిగేవాళ్ళ కదలికలు చూస్తుంది. పనివాళ్ళు తిరిగితే ఊరుకుంటుంది, దొంగ అడుగుపెడితే కూత పెడుతుంది. ముఖం చూసి కాదు. ముఖానికి గుడ్డ కట్టుకోని దొంగ ఎక్కడుంటాడు? వంగే తీరు, నక్కే తీరు, చెయ్యి చాపే తీరు చూసి. అయితే పుట్టుకతో ఆ పెట్టెకు ఏ తెలివీ లేదు. పసిపిల్లలకు బొమ్మలు చూపించి ఇది పిల్లి, ఇది కుక్క అని చెప్పినట్టు, ఇది పని, ఇది దొంగతనం అని వేలసార్లు చూపించి నేర్పాలి. పనివాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. మంగళవారం పొద్దున వచ్చి కెమెరా ముందు కాస్త దొంగతనం చేసి పొండి బాబూ అంటే ఏ దొంగ వస్తాడు?

అదిగో, అప్పుడు అక్కరకొచ్చాడు మరిది. అతను వదినా వదినా అని పిలవబట్టే ఆఫీసులో ఉన్న ఇద్దరు ఇంజనీర్లకూ ఆమె వదిన అయిపోయింది. ఏ పనిలోనూ కుదురుగా నిలవని మనిషని అతనికి ఇంటా బయటా పేరు. బట్టల కొట్లో చేశాడు, కొరియర్ ఆఫీసులో చేశాడు, ఒక నాటకాల బృందంలో తెర లాగాడు. అన్నిచోట్లా మంచివాడనే అన్నారు, మర్నాడు రావద్దనీ అన్నారు. "మావాడికి నీ దగ్గర ఏదో ఒక పని చూడు" అని మొగుడు అడిగితే, మొగమాటం కొద్దీ తీసుకుంది. దొంగ ఉద్యోగం ఇచ్చింది.

ఆ ఉద్యోగం అతనికి అతికినట్టు సరిపోయింది. ఒక రంగుల వ్యాపారి, ఎత్తిన డబ్బా ఎత్తినచోటే పెట్టాలనే షరతు మీద, తన గోడౌనును వీళ్ళకు వదిలిపెట్టాడు. మరిది అందులో చెయ్యని దొంగతనం లేదు. కిటికీలోంచి దూరాడు, అట్టపెట్టె బోర్లించుకుని పాకాడు, గొడుగు వేసుకుని వచ్చాడు, పనివాడి చొక్కా తొడుక్కుని పనివాళ్ళలో కలిసిపోయాడు.

"ఇవాళ మొదటిసారి దొంగతనానికి వచ్చినవాణ్ణి వదినా. కొంచెం భయం చూపిస్తాను."

"భయం తర్వాత చూపిద్దువుగాని, ముందు డబ్బా ఎత్తు."

ఏ వేషంలో వచ్చినా పెట్టె అతన్ని పట్టేసేది. మసక వెలుతురులో పట్టింది, మూతికి గుడ్డ కట్టినా పట్టింది. చివరికి పట్టపగలు వైరు బాగుచెయ్యడానికి నిచ్చెన మోసుకొచ్చినా చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. "నీ వాలకమే అంతనుకుంటా" అని వ్యాపారి పడీ పడీ నవ్వాడు. అలవాటైపోయి మామూలప్పుడు కూడా నక్కినట్టే నడుస్తున్నాడని ఇంజనీర్లు తేల్చేశారు. వదినా నవ్వింది. చదువుకున్న ముగ్గురు మనుషులు కళ్ళెదుట కూస్తున్న తప్పును పట్టుకుని నవ్వుకున్నారంటే, వాళ్ళనేమనాలి? తలమునకలుగా పనుందని సర్దుకున్నారు. నిజంగానే పనుంది కూడా.

ఎందుకంటే కంపెనీ చివరి ఊపిరి మీద ఉంది. వదిన దాచుకున్నదంతా అందులోనే కరిగిపోయింది. ఇక మిగిలిన ఆశల్లా పెట్టుబడి పెట్టే మేడమ్. తాళాలు, తలుపులు, కెమెరాలు, ఇలా కాపలాకు పనికొచ్చే కొత్త సరుకు ఎవరు చేసినా వెళ్ళి చూసి, నచ్చితే డబ్బు పెట్టడం ఆవిడ వృత్తి. నచ్చితే వరసగా ఎన్నో గోడౌన్లలో ఈ పెట్టెలు పెట్టిస్తానని కూడా కబురు చేసింది. ఆవిడ సరేనంటే కంపెనీ బతుకుతుంది. కాదంటే నెలాఖరుకు తాళం. వదిన పాత ఉద్యోగానికి పోతుంది, ఇంజనీర్లు వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారు. మరిది మాత్రం మళ్ళీ ఇంట్లో సోఫా మీద పడుకుని అన్నగారి నిట్టూర్పులు వింటాడు.

మేడమ్ పొద్దున్నే డ్రైవరును వెంటబెట్టుకుని నేరుగా గోడౌనుకే వచ్చింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మాట్లాడితే ఏదో ఖర్చయిపోతుందన్నట్టు ఉండే మనిషి. టర్పెంటైన్ వాసనకు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోకుండా నిలబడింది. వదినకు అదొక్కటే కొంచెం ధైర్యాన్నిచ్చింది.

మరిది ఆ రోజు తన విద్యంతా చూపించాడు. వెనక కిటికీలోంచి పిల్లిలా దిగాడు, కూత. పనివాళ్ళు డబ్బాలు దింపుతుంటే వాళ్ళ మధ్య తల వంచుకుని నడిచాడు. పెట్టె పనివాళ్ళందర్నీ వదిలేసి అతనొక్కణ్ణే చూసి కూసింది. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. "బాగుంది" అంది. ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడమే గొప్పని డ్రైవరు ఇంజనీర్ల చెవిలో ఊదాడు. మేడమ్ బోర్లించిన డ్రమ్ము మీద ఒప్పందం కాగితాలు పరిచి, కళ్ళజోడు పెట్టుకుని, సంచిలోంచి పెన్ను తీసింది.

సరిగ్గా అప్పుడు మరిది టీ గ్లాసుల పళ్ళెం రెండు చేతులా పట్టుకుని ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. తన చొక్కా, తన ముఖం, ఏ వేషమూ లేదు. మేడమ్ వెళ్ళేదాకా గోడౌను పక్క సందులోనే ఉండమని వదిన అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పింది. పెట్టె గోల పెట్టింది.

వ్యాపారి పొట్ట పట్టుకుని నవ్వాడు. డ్రైవరు నవ్వాడు. మేడమ్ కూడా నవ్వి, "టీ కూడా దొంగిలించే తెచ్చావా?" అంది. వదిన నవ్వబోయింది. సగంలో నవ్వు ఆగిపోయింది.

రెండు చేతులా పళ్ళెం పట్టుకున్నవాడు దొంగతనం ఎలా చేస్తాడు? నక్కడం లేదు, వంగడం లేదు, టీ ఒలకకుండా నిటారుగా వస్తున్నాడు. మరి పెట్టె ఏం చూసి కూసింది? ఆమె అతని కాళ్ళకేసి చూసింది. ఎడమ కాలు ఒక పిసరు ఈడుస్తాడు. చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడిన గుర్తు అది. కుడి భుజం అతనికంటే ముందు నడుస్తుంది. ముసలి దొంగైనా, కొత్త దొంగైనా, గొడుగు దొంగైనా, కాలు ఆ కాలే, భుజం ఆ భుజమే. రెండేళ్ళపాటు పెట్టెకు దొంగతనం నేర్పుతున్నామనుకున్నారు. నేర్పింది మరిదిని. అతనైతే దొంగ, మిగతా లోకమంతా పనివాళ్ళే. పప్పులో కాలెయ్యడం కాదు, గిన్నెలో మునిగే ఉన్నారు.

మేడమ్ పెన్ను మూత తీసింది.

ఈ సంగతి ఇక్కడ తనకొక్కదానికే తెలుసునని వదిన అనుకుంది. నోరు మూసుకుని కూర్చుంటే సంతకం అయిపోతుంది. డబ్బు చేతికొచ్చాక తీరిగ్గా దిద్దుకోవచ్చు. అలా తర్వాత దిద్దుకుందామనుకుని డబ్బు గడించి పెద్దవాళ్ళయినవాళ్ళను ఆమె ఎరుగును. కానీ ఈలోగా ఆ పెట్టెలు గోడలెక్కుతాయి. పెట్టె ఉందిగా అని కాపలా మనుషుల్ని ఇంటికి పంపేస్తారు. ఎడమ కాలు ఈడవని దొంగ ఎవడైనా సరే దర్జాగా వచ్చి, దర్జాగా మోసుకుపోతాడు. ఆమెకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా తన మీద తనకు ఒళ్ళు మండింది.

"ఒక్క నిమిషం మేడమ్" అని లేచింది.

మరిది విప్పి పడేసిన దొంగ వేషం కోటు తొడుక్కుంది, మూతికి గుడ్డ కట్టుకుంది, చుట్టూ తిరిగి వెనక కిటికీ ఎక్కింది. ఎక్కడో బట్ట చిరిగింది. ధబ్బున లోపలికి దూకి, వంగి, నక్కి, అటూ ఇటూ చూసి, రెండు రంగు డబ్బాలు చంకన పెట్టుకుని పెట్టె ముక్కు కిందినుంచే నడుచుకుంటూ వచ్చింది. పెట్టె కిమ్మనలేదు. మళ్ళీ వెళ్ళి ఈసారి పెద్ద డబ్బా ఎత్తింది. అంతా సవ్యంగా ఉందన్నట్టు పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. వ్యాపారి నవ్వు మానేశాడు.

"ఇది నన్ను పట్టలేదు" అంది వదిన, గుడ్డ కిందికి లాగి, రొప్పుతూ. "మీ డ్రైవర్నీ పట్టదు. మా మరిదిని తప్ప ఎవర్నీ పట్టదు. దొంగ వేషానికి మాకు ఇతనొక్కడే దొరికాడు. పెట్టె ఇతన్నే నేర్చుకుంది."

మేడమ్ డ్రైవరుకేసి చూసింది. అతను సిగ్గుపడుతూ వెళ్ళి, ఒక డబ్బా ఎత్తుకుని, బయటిదాకా పోయి తిరిగొచ్చాడు. కూత లేదు. అతనికి మాత్రం ఆ పని కాస్త సరదాగానే ఉన్నట్టుంది, డబ్బా వెంటనే దింపలేదు.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?" అంది మేడమ్.

"టీ వచ్చినప్పటినుంచి."

మేడమ్ పెన్నుకు మూత పెట్టింది. టీ తాగడం మాత్రం మానలేదు, చివరి గుక్కదాకా తాగి గ్లాసు పళ్ళెంలో పెట్టింది. "ఇవాళ సంతకం పెట్టలేను."

"పెట్టొద్దు మేడమ్."

"మళ్ళీ నేర్పాలంటే?"

"మొదటినుంచి మొదలుపెట్టాలి. రకరకాల మనుషులు కావాలి."

"వచ్చేవారం నా ఆఫీసుకు రండి. మాట ఇస్తున్నాననుకోవద్దు. రండి, అంతే" అని కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వ్యాపారీ ఇంజనీర్లూ ముఖాలు వేలాడేసుకుని బయటికి నడిచారు. లోపల వదినా మరిదీ మిగిలారు.

"నిన్ను సందులోనే ఉండమన్నాను కదా" అంది వదిన. గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. "టీ ఎవరు తెమ్మన్నారు?"

మరిది వదిన ఎత్తిన పెద్ద డబ్బాను దాని చోట పెట్టాడు. "పోయినవారం కొరియర్ ఆఫీసులో నా దోస్తు లేడూ, వాణ్ణి సరదాకి లోపలికి పంపాను వదినా. నువ్వు లేనప్పుడు. వాడు డబ్బాలు మోసుకుని దర్జాగా బయటికొచ్చాడు. ఇది పలకలేదు."

"నాకు చెప్పాలా వద్దా?"

"చెబుదామనే రోజూ వచ్చేవాణ్ణి. నువ్వేమో దాన్ని చంటిపిల్లకి ముఖం తుడిచినట్టు తుడుస్తూ ఉండేదానివి. నోరు రాలేదు. పైగా చెబితే నా ఉద్యోగం పోతుంది కదా." వెనక కిటికీకేసి చూపించాడు. "ఇవాళ ఆవిడ పెన్ను కోసం సంచిలో చెయ్యి పెట్టడం సందులోంచి చూశాను. రేపు ఎక్కడైనా నిజం దొంగ పడితే మాట పడేది నువ్వు. అప్పుడు కూడా నోరు రాలేదు. అందుకని టీ తెచ్చాను."

ఇతనికి ఉద్యోగం వదిన మొగమాటానికి ఇచ్చింది. అతను దాన్ని ఆమె కోసం వదులుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలనిపించలేదు, దాచుకోలేదు.

కొంతసేపటికి డ్రమ్ము మీద లాప్‌టాప్ తెరిచింది. పెట్టె నేర్చుకున్నదంతా చెరిపేస్తే గానీ కొత్తగా నేర్పడం కుదరదు.

"ఒక్కసారి ఆగు వదినా" అన్నాడు మరిది. బయటికి వెళ్ళి, ముందు గుమ్మంలోంచి తన మామూలు నడకతో లోపలికొచ్చాడు. పెట్టె గొంతు చించుకుంది. అతను దాని కింద నిలబడి తలెత్తి చూశాడు. "అన్నయ్య కూడా ఫోన్లో నా గొంతు పోల్చుకోడు, ఎవరూ అంటాడు. ఇదొక్కటే, ఎన్ని వేషాలేసినా నన్ను గుర్తుపట్టింది."

వదిన మీట నొక్కింది. కూత ఆగిపోయింది. "ఇప్పుడు రా" అంది.

అతను మళ్ళీ బయటికి వెళ్ళాడు. వదిన గుమ్మానికి వీపు పెట్టి టీ గ్లాసులు పళ్ళెంలో సర్దుతోంది. పెట్టె చప్పుడు చెయ్యలేదు. గచ్చు మీద ఒక కాలు పడింది, ఇంకో కాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"వచ్చావా" అంది వదిన, వెనక్కి తిరక్కుండానే. "రేపట్నుంచి నువ్వు దొంగవి కాదు, దొంగలకు మాస్టరువి. ఆ కొరియర్ అబ్బాయికి ఫోన్ చెయ్యి."