కారణం చెప్పని రాజు

తొమ్మిదో తరగతికి సాహిత్యం చెప్పే టీచరమ్మకు హెడ్మాస్టరు మీద పీకలదాకా కోపం. ఆయన లైబ్రరీకి తాళం వేయించాడు. ఎందుకని అడిగితే, తాను చెప్పాను కాబట్టి అన్నాడు. ఆ కసి పాఠంలో తీర్చుకుందామనుకుంది ఆవిడ.

పాఠం ఒక రాజు కథ. అతను చెడ్డవాడేమీ కాదు. శిక్షలు వేస్తాడు, బహుమతులిస్తాడు, ఎందుకో మాత్రం చెప్పడు. ఏది తప్పో తెలియని జనం తుమ్మడానికి కూడా జంకుతుంటారు. ప్రభుత్వమంటే సింహాసనం కాదనీ, అడిగినవాడికి జవాబు చెప్పడమనీ టీచరమ్మ అరగంట ఉపన్యసించింది. తర్వాత హెడ్మాస్టరు గది వైపు ఓరగా చూస్తూ, అలాంటి రాజులు మన బడిలో ఉన్నారా అని అడిగింది.

అందరూ లాయరమ్మ అని పిలిచే పిల్ల చివరి వరుసలోంచి లేచింది.

"ఉన్నారు టీచర్. మీరే."

టీచరమ్మ చూపు హెడ్మాస్టరు గది వైపు నుంచి చివరి వరుసకు తిరిగింది.

"మూడేళ్లుగా నా వ్యాసాలకు పదికి ఆరే వేస్తున్నారు. మిగతా నాలుగూ ఎందుకు పోయాయో ఒక్కసారీ రాయలేదు," అంది ఆ పిల్ల వినయంగానే.

కోప్పడితే తానే ఆ రాజవుతుంది. అందుకని రేపటికల్లా అందరికీ కారణాలు రాసిస్తానని మాటిచ్చి బయటపడింది.

సాయంత్రం వంటింటి బల్ల మీద నలభై పేపర్లూ పరుచుకుంది. సగానికి ఏ కారణమూ దొరకలేదు. ముత్యాల్లాంటి దస్తూరికి ఎక్కువా, కోడి కెలికినట్టున్నదానికి తక్కువా వేసుకుంటూ పోయింది, అంతే. ఆమె మొగుడు తొంగిచూసి సంగతి విన్నాడు.

"పాపం, ఆయన వేసింది ఒక్క తాళమే కదే," అన్నాడు.

మర్నాడు బడికి వెళుతూనే హెడ్మాస్టరును మెత్తగా అడిగింది. బీరువాలకు చెదలు పట్టాయనీ, చెప్పుకోవడానికి నామోషీ అనిపించిందనీ ఆయన గొణిగాడు. మందు కొట్టించే పని ఆవిడే తలకెత్తుకుంది.

తరగతిలో పద్దెనిమిది మందికి మార్కులు పెరిగాయి. లాయరమ్మకు ఒకటి తగ్గింది. పక్కన ఎర్రసిరాతో కారణం ఉంది: వాదన బాగుంది, అడిగిన ప్రశ్న ఇది కాదు.

ఆ పిల్ల తరగతికే అప్పీలు చేసుకుని, వ్యాసం గట్టిగా చదివింది. ముప్పైతొమ్మిది చేతులు టీచరమ్మ వైపే లేచాయి.

"ఎక్కువమంది అయితే సరా? మీరూ కారణాలు చెప్పండి," అంది లాయరమ్మ.

చెప్పారు. ఒక్కొక్కరే లేచి, గంట కొట్టేదాకా చెప్పారు. ఆ పిల్ల మూతి ముడుచుకునే అన్నీ రాసుకుంది. తర్వాతి వ్యాసానికి ఎనిమిది వచ్చాయి.