భైరవకోన వ్యాన్ కిటికీలు

పెళ్లయిన కొత్తలో నా స్నేహితురాళ్లంతా ఊటీ వెళ్లారు. నేను అత్తమామలతో కలిసి వ్యాన్‌లో భైరవకోన వెళ్లాను. ఆ వ్యాన్ మా మామయ్య రామాంజనేయులుగారి ముచ్చట. పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, గుంటూరు ఆటోనగర్‌లో పడుకోవడానికి బల్లలు బిగించి, గ్యాస్ పొయ్యి కూడా పెట్టించారు. ఏటా మిర్చి అమ్మకాలు అయిపోగానే అందరం అందులో బయలుదేరాల్సిందే. ఇల్లే మన వెంట వస్తుందని మామయ్య ఊరంతా చెప్పుకునేవారు. కిటికీల్లోంచి వాన కూడా వస్తుందని మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు.

ఆయన పోయాక వ్యాన్ కల్లం పక్కన షెడ్డులో పడి ఉంది. మొన్న చలికాలంలో అత్తయ్య కోటిరత్నంగారికి నిమ్ము చేస్తే ఆస్పత్రిలో ఉండి వచ్చింది. తడి తగలనివ్వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడేమో ఈ జూన్‌లో భైరవకోన వెళ్లాలి, అదీ ఆ వ్యాన్‌లోనే, కిటికీ పక్కన తన బల్ల మీదే పడుకుని వెళ్లాలి అని పట్టుబట్టింది.

"ఒక్క చుక్క లోపలికొచ్చినా వ్యాన్‌ని పాత ఇనుము కింద ఇచ్చేస్తా. కార్లో వెళ్దాం," అన్నాడు మా ఆయన ప్రేమ్‌చంద్.

"కారైతే నేను రాను," అంది అత్తయ్య.

మా ఆయన మళ్లీ నోరు విప్పితే ఒట్టు. ఈ ఇంటి మగాళ్లు మాటకి పన్ను కట్టాలన్నట్టు ఉంటారు. నాకు ఒళ్లు మండింది. ఆ కిటికీలేవో నేనే చూస్తానని స్క్రూడ్రైవరు తీసుకుని బయల్దేరాను.

కిటికీల చుట్టూ ఎన్ని పొరలో! వాన వచ్చినప్పుడల్లా మామయ్య ఏది దొరికితే అది పూసినట్టున్నారు. నేను గీకుతుంటే అత్తయ్య లోపల బల్ల మీద కూర్చుని ఒక్కో పొర కథా చెప్పింది.

"ఆ తెల్ల లప్పం త్రిపురాంతకం వెళ్లిన ఏడాదిదమ్మాయ్. అప్పుడు నువ్వు ఒట్టి మనిషివి కూడా కాదు. దారంతా పచ్చి మామిడికాయ కావాలని గోల."

"గోల నేనెక్కడ చేశానండీ? మామయ్యే బండి ఆపి కోసుకొచ్చారు."

"కింద ఆ తారు నీ పెళ్లి ఏడాదిది. కనిగిరి దగ్గర వాన పట్టుకుంటే, మీ మామయ్య రోడ్డేసేవాళ్లని డబ్బాడు తారు అడిగి తెచ్చాడు."

గుర్తొచ్చింది. నా కొత్త పట్టుచీరకి తారు అంటుకుంది. ఆ రోజు ఏడ్చాను కూడా. ఇప్పుడు ఆ తారు ముక్క చేతిలోకి తీసుకుంటే మామయ్య మీద బెంగ ముంచుకొచ్చింది. చీర పోతే పోయింది, మనిషి ఉంటే బాగుండేదనిపించింది.

చివరి పొర ఊడేసరికి చట్రం అడుగున సన్నటి చీలిక ఒకటి బయటపడింది. అందులోంచి ఎప్పటివో మురికి నీళ్లు జారి నా కాళ్ల మీద పడ్డాయి. పక్కన గీకితే ఇంకోటి. రెండో కిటికీకీ అంతే. అప్పుడు వెలిగింది నాకు. అద్దం మీద పడ్డ వాన కింది గాడిలోకి దిగి, ఈ చీలికల్లోంచి బయటికి పోవాలి. కిటికీ చేసినవాడు నీళ్లకి దారి పెట్టాడు. మామయ్య ఆ దారే మూసేశారు. గాడి నిండి, నీళ్లు పొర్లి, నేరుగా అత్తయ్య పక్క మీదికి!

మామయ్యని అని లాభం లేదు. కల్లంలో మిరపకాయలు ఆరబోసినవాళ్లకి వానంటే తెలిసింది ఒకటే. పట్టా కప్పు, చిల్లు కనబడితే మూసెయ్. ఆ చీలికలు చూసి వాన ఇక్కణ్ణుంచే వస్తోందనుకుని ఉంటారు.

చీలికలన్నీ శుభ్రం చేశాను. కొత్త రబ్బరు బీడింగ్ వేసి, పైనా పక్కలా సిలికాన్ జిగురు పట్టించాను. అడుగున మాత్రం ముట్టుకోలేదు. అది ఆరాక, మర్నాడు సాయంత్రం మా ఆయన బోరు మోటారు వేసి, పైపు కిటికీల మీదికి ఎత్తిపట్టాడు. వద్దంటున్నా వినకుండా అత్తయ్య తన బల్ల మీద పడుకుంది. నేను పక్కనే నిలబడ్డాను. నీళ్లు అద్దం మీద ధారగా కారి, గాడిలో దిగి, చీలికల్లోంచి బయటికి పోయాయి. పరుపంతా తడిమి చూశాను. లోపలికి ఒక్క చుక్క రాలేదు.

"పొడిగా ఉంది! రేపు పొద్దున్నే బయల్దేరదాం!" అని అరిచాను.

అత్తయ్య లేవలేదు. ఎలా ఆగిందని అడిగితే చీలికల సంగతి చెప్పాను. పాపం మామయ్యకి తెలియలేదు, మీరు అన్నేళ్లు తడిశారు అన్నాను.

"తెలియకపోవడమే మంచిదైందమ్మాయ్," అంది ఆవిడ. "ఇంట్లో ఉంటే అన్నం పెట్టు, కూలీలొచ్చారా, అంతేగా ఆయన మాటలు! ఇది కారినప్పుడే నా పక్కన చేరేవాడు. కింద గిన్నె పెట్టి, వాన వెలిసేదాకా కబుర్లు చెప్పేవాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన సంగతులు, వాళ్లమ్మ సంగతులు, అన్నీ ఇక్కడే విన్నాను. వాన పడితే బాగుండునని దణ్ణం పెట్టుకునేదాన్ని."

ఇంత కష్టపడి ఆవిడ దగ్గర్నుంచి ఏం లాక్కున్నానో అని భయమేసింది.

బయట పైపు పట్టుకున్న మా ఆయన అన్నీ విన్నట్టున్నాడు. "అమ్మా, మరి వెళ్దామా వద్దా?" అన్నాడు మెల్లగా.

"వెళ్దాం రా. దారిలో వాన పడితే నువ్వొచ్చి నా పక్కన కూర్చో. కారకపోయినా సరే."

మా ఆయన పైపు అక్కడే పడేసి, తడి కాళ్లతో వ్యాన్ ఎక్కి, వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆయన గొంతు వినబడింది. నేను దిగివెళ్లి మోటారు కట్టేశాను.