ఇరవై మూడో గుమ్మం

మహ్జూబ్ డబ్బాలో చేయి ముంచి వాకిట్లో నీళ్ళు చల్లుతున్నాడు. దుమ్ము లేవకూడదు, బురదా కాకూడదు. వేళ్ళు ఎంత విప్పితే ఎంత నీరు పడుతుందో ఆ చేతికి తెలుసు. కైరోలో ఏడంతస్తుల మేడ ముందు ముప్ఫై ఎనిమిదేళ్ళు రోజూ తెల్లవారుతూనే చేసిన పని అది. కాపలాదారు ఉద్యోగం మాని తనవాళ్ళ మధ్యకి వచ్చి ఆరేళ్ళయింది. అయినా మసీదు నుంచి రాగానే చేయి దానంతట అదే డబ్బా కోసం వెతుకుతుంది.

పొడుగాటి మనిషి. మేడ మెట్ల కింద గదిలో వంగి వంగి తిరగడం వల్ల మెడ ముందుకి వాలిపోయింది. సొంత ఇంట్లోకి కూడా తల వంచుకునే వెళ్తాడు.

లోపల వెనక గోడ మీద మూడు దెబ్బలు వినిపించాయి. నబ్రా అక్క రోకలి. లేచాను, బాగానే ఉన్నాను అని ఆ దెబ్బలకి అర్థం. మహ్జూబ్ డబ్బా పక్కన పెట్టి లోపలికి వెళ్ళి, సుత్తి పిడితో గోడ మీద రెండుసార్లు కొట్టాడు. నేనూ ఉన్నాను అని.

నైలు మీద కట్టిన ఆనకట్ట నీళ్ళలో పాత ఊరు మునిగాక సర్కారు కోమ్ ఒంబో దగ్గర కట్టించి ఇచ్చిన ఇళ్ళు అవి. వరసలు వరసలుగా, వీపుకి వీపు ఆనించి కూర్చున్నట్టు ఉంటాయి. ఇంట్లో ఎంతమంది ఉంటే దానికి తగ్గన్ని గదులు. అప్పటికే భర్త పోయి, పిల్లలు లేని నబ్రాకి ఒంటి గది ఇల్లు వచ్చింది. భార్యా ఇద్దరు కూతుళ్ళూ ఉన్న మహ్జూబ్‌కి ఊరికి ఆ చివర నాలుగు గదులు. భార్య పోయి, కూతుళ్ళు అత్తవారిళ్ళకి వెళ్ళాక అతను ఆ నాలుగు గదులూ ఇచ్చేసి, అక్క ఇంటికి వెనక గోడ కలిసిన రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. ఊరంతా నవ్వింది. గోడ కలిసింది కాని దారి కలవలేదు. అక్క గుమ్మం అవతలి వీధిలోకి, అతని గుమ్మం ఇవతలి వీధిలోకి. వరస చివరిదాకా నడిచి చుట్టి రావాలి. మొత్తం ఇరవై రెండు గుమ్మాలు.

డెబ్బై రెండేళ్ళ నబ్రాకి రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. అయినా రోజూ పొద్దున్నే పెనం మీద పలచటి రొట్టెలు కాల్చి, పళ్ళెం నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో గోడలు తడుముతూ గుమ్మాలు లెక్కపెట్టుకుంటూ తమ్ముడికి తెచ్చి పెట్టేది. ఒకసారి లెక్క తప్పి ఇరవై ఒకటో ఇంట్లోకి వెళ్ళి కూర్చుంది. ఇళ్ళన్నీ ఒకటే తీరు. మా తమ్ముడి పెట్టె ఎక్కడికి జరిపావని ఆ ఇంటి కోడల్ని గట్టిగా మందలించింది కూడా. ఆ కోడలు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ ముచ్చట చెప్పి నవ్విస్తుంది.

తర్వాత జరిగినవి నవ్వుకునేవి కావు. రెండుసార్లు వీధిలో పడిపోయింది. రెండోసారి మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు. మహ్జూబ్ గోడకి ఇవతల నిద్రపోతున్నాడు. ఆమె పిలుపు అతనికి వినపడలేదు.

ఆస్వాన్‌లో గుమాస్తా పని చేసే ఫిక్రి వచ్చాడు. చనిపోయిన పెద్దన్న కొడుకు. మంచివాడే. అత్తని తన దగ్గరికి తీసుకుపోతానన్నాడు. మూడో అంతస్తులో ఇల్లు, గాలి బాగా వస్తుంది అన్నాడు. పిలిస్తే పలికే దూరంలో మనిషి ఉండాలి, అంతకు మించి తనకేమీ అక్కర్లేదని కూడా అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజ్ వేళకి కారు తీసుకుని వస్తానని చెప్పి వెళ్ళాడు. నబ్రా వస్తాననలేదు, రాననలేదు. నా ఇంటికి వచ్చెయ్యమని మహ్జూబ్ అంతకు ముందే రెండుసార్లు అడిగాడు. దానికీ ఆమె జవాబు చెప్పలేదు.

గోడకి గుమ్మం పెడతానంటే మాత్రం జవాబు చెప్పింది.

"నీ వైపు సగం గోడ నీది. కొట్టుకో. నా సగం ముట్టుకునే ముందు నన్నడుగు."

ఈ రోజు శుక్రవారం.

అతని వైపు పని మంగళవారమే అయింది. మోచెయ్యంత మందం రాతి గోడ. రెండు ఇళ్ళ కప్పులూ దాని మీదే ఆనాయి. అలాంటి గోడని ఒక్కసారిగా తొలిస్తే పైనున్నది కిందికి వస్తుంది. ముందు ఒక పక్క నుంచి సగం మందం మాత్రమే తొలిచి, అందులో ఒక దూలం దూర్చి, పైబరువు దాని మీద నిలిచాక, రెండో పక్క సగం తొలిచి ఇంకో దూలం దూర్చాలి. రెండు దూలాలూ బరువు మోస్తున్నాయని తెలిశాకే కింద రాళ్ళు తీయాలి. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు. కైరో మేడలో ఏటా ఎవరో ఒకరు గోడలు పడగొట్టి గదులు కలిపించుకునేవారు. జిప్సం బస్తాలు పైకి చేరవేసింది, రాళ్ళ చెత్త కిందికి దింపింది మహ్జూబే. మోసినంతసేపూ చూశాడు. అక్కడి ముసలి మేస్త్రి ఒకడు పని చేస్తూ అన్న మాట కూడా గుర్తుంది. గోడ చిన్నగా మాట్లాడినప్పుడే వినాలి, అది గట్టిగా మాట్లాడే వేళకి వినడానికి నువ్వుండవు అని.

సుత్తి, ఉలి, జిప్సం సంచి గోనెలో వేసుకుని, రెండో తుమ్మ దూలం భుజాన పెట్టుకుని మహ్జూబ్ ఇరవై రెండు గుమ్మాలూ చుట్టి వెళ్ళాడు. అక్క తలుపు తీసే ఉంది. అయినా బయటే నిలబడి తట్టాడు.

"అక్కా, నీ సగం కొట్టమంటావా?"

నబ్రా లోపలి నుంచి రావడానికి కొంచెంసేపు పట్టింది. చేతిలో ఉప్పు గిన్నె. గోడ పొడుగునా నాలుగు చోట్ల ఉప్పు చల్లి, బిస్మిల్లా అని, పక్కకి జరిగింది. "కొట్టు" అంది.

రెండో దూలం గోడలోకి ఎక్కేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. తడిగుడ్డతో మొహం తుడుచుకుని, దూలానికీ రాళ్ళకీ మధ్య సందుల్లో రాతి ముక్కలు, జిప్సం కుక్కాడు. దూలం పైన గోడ మీద మూడు చోట్ల చిన్న జిప్సం బొట్లు పెట్టాడు. అతని వైపూ అలాగే మూడున్నాయి. గోడ వెంట్రుకవాసి కదిలినా ముందు ఆ బొట్టు చీలుతుంది. మధ్యాహ్నం జుమా నమాజ్ చేసి తిరిగి వచ్చాక తన వైపు నుంచి రాళ్ళు తీయడం మొదలుపెట్టాడు. నిజానికి ఇంకో రోజు ఆగితే మంచిది. ఆ ఒక్క రోజే లేదు.

ఆ సమయానికి సిద్దీక్ మేస్త్రి వచ్చాడు. ఊళ్ళో ఎవరి గోడ కట్టాలన్నా ఆయనే. వరసకి బావ కావడంతో ఎప్పుడూ మహ్జూబ్‌ని ఏదో ఒకటి అనకుండా ఉండలేడు. తలుపు దగ్గరున్న చెక్క బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"నాలుగు గదులిచ్చి రెండు తీసుకున్న తెలివి ఇప్పుడు గోడలో దూరిందా బావా? తలుపు పక్కన నుంచోడం వేరు, తలుపు పెట్టడం వేరు."

మహ్జూబ్ పని ఆపలేదు.

"ఇంత ఎత్తెందుకు? ఒంటె గాని దూరుతుందా?"

"నేను దూరతాను. తల వంచకుండా."

సిద్దీక్ దూలం ఎత్తు కళ్ళతో కొలిచాడు. తలుపు చెక్క ఏదని అడిగాడు. చెక్క లేదన్నాడు మహ్జూబ్. ముప్ఫై ఎనిమిదేళ్ళు పరాయివాళ్ళ తలుపులు తీశాను, వేశాను, ఈ గుమ్మానికి వేయాల్సిన పని లేదన్నాడు.

దూలం కింద మొదటి రాయి అవతలికి పడింది. పిడికిలంత వెలుతురు వచ్చింది. ఆ వెలుతురు మళ్ళీ మూసుకుపోయింది. చూస్తే అవతల నుంచి ఒక చేయి. ఎముకలు తేలిన వేళ్ళ మధ్య నాలుగు మడతలు పెట్టిన వేడి రొట్టె.

"చల్లారకముందే తిను" అంది గోడ అవతలి గొంతు.

మహ్జూబ్ దుమ్ము చేతులతోనే అందుకున్నాడు. సగం చింపి సిద్దీక్‌కి ఇచ్చాడు. ఇద్దరూ నిలబడే తిన్నారు.

రాళ్ళు మోకాలి ఎత్తుకి దిగాయి. సందు ఒక మనిషి పక్కకి తిరిగి పట్టేంత అయింది. అప్పుడు పై నుంచి ఇసక సన్నగా రాలింది. మహ్జూబ్ చేయి ఆగింది. తల ఎత్తి చూశాడు. మూడు బొట్లలో ఎడమ చివరిది నిలువునా చీలి ఉంది. దారం అంత చీలిక.

"చెప్పానా" అన్నాడు సిద్దీక్. కాని ఆ గొంతులో ఎగతాళి లేదు. లేచి నిలబడ్డాడు.

మహ్జూబ్‌కి తప్పు ఎక్కడుందో తెలుసు. పొద్దున అవతలి వైపు ఈ చివరే జిప్సం కుక్కేటప్పుడు తొందరపడ్డాడు. వేలు పట్టే సందు మిగిలినా సరిపోతుందిలే అనుకున్నాడు. అసర్‌కి ఇంకా గంట కూడా లేదు. ఆగితే పని పూర్తి కాదు. ఆగకపోతే ఏమవుతుందో పైనున్న బొట్టు చెబుతోంది.

ఆగాడు. రెండు తాటి మొద్దులు తెచ్చి దూలం కింద ఊతగా నిలబెట్టాడు. సిద్దీక్ ఒక మొద్దుని పట్టుకున్నాడు. "ఇక్కడ ఇంకో చెక్క ముక్క బిగించు" అన్నాడు నెమ్మదిగా. మహ్జూబ్ బిగించాడు. సందులో నుంచి చేయి పెట్టి, వేళ్ళు వెళ్ళినంత లోతుకి రాతి ముక్కలు, జిప్సం కుక్కాడు. చీలిన బొట్టు పక్కన కొత్త బొట్టు పెట్టాడు. తర్వాత బల్ల మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ బొట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు.

కూర్చుని చూడడం అతనికి బాగా వచ్చిన పని. ముప్ఫై ఎనిమిదేళ్ళు దానికే జీతం తీసుకున్నాడు. ఎవరు వెళ్ళారో, ఎవరు రాలేదో, ఏ ఇంట్లో దీపం ఆలస్యంగా ఆరిందో కదలకుండా కూర్చుని తెలుసుకున్నాడు. ఏడంతస్తుల మేడలో ఆ కాలమంతా ఒక్క దొంగతనం జరగలేదు. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు.

బొట్టు చీలలేదు. అవతలి వీధిలో కారు ఆగిన చప్పుడయింది.

ఫిక్రి నబ్రా గదిలోకి వచ్చి, గోడలో సందు చూసి, వంగి ఇవతలికి చూశాడు. ఊత మొద్దులు, రాళ్ళ గుట్ట, తలల నిండా దుమ్ముతో ఇద్దరు ముసలివాళ్ళు.

"బాబాయ్, ఇది గుమ్మమా? కిటికీలా ఉందే" అన్నాడు. "అత్త బట్టలు సర్దుకుందా?"

మహ్జూబ్ నోరు తెరిచేలోపు అవతల నబ్రా పళ్ళెం సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. రొట్టెల పళ్ళెం నెత్తిన పెట్టుకుంది. ఒక చేత్తో గోడ అంచు తడిమి ఎత్తెంతో, వెడల్పెంతో చూసుకుంది. పక్కకి తిరిగింది. నల్ల చీరలాంటి పొడవాటి వస్త్రం అంచు మోకాలిదాకా ఎత్తి పట్టుకుని, కుడి కాలు మిగిలిన రాళ్ళ మీదుగా ఇవతలికి వేసింది. ఎవరూ చేయి అందించలేదు. అందిస్తే ఆమె పుచ్చుకోదని మహ్జూబ్‌కి తెలుసు. రెండో కాలు కూడా వచ్చింది. నెత్తి మీద పళ్ళెం కదలలేదు.

"అటు నుంచి ఇరవై రెండు గుమ్మాలు. ఇటు నుంచి ఒక్క అడుగు" అంది. "ఏ దారిలో పడిపోతానో నువ్వే చెప్పు నాయనా."

ఫిక్రి ఊత మొద్దుల వైపు చూశాడు.

"సర్కారు నన్నొకసారి ఊరి నుంచి లేపింది. పడవెక్కాను. అప్పుడు లేచాను కాబట్టి ఇంక లేవను. నా ఇంట్లో నేనుంటాను, తమ్ముడి ఇంట్లో వాడుంటాడు. పిలిస్తే పలుకుతాడు. నీకు కావలసింది అదేగా."

ఫిక్రి వంగి సందు దాటి ఇవతలికి వచ్చాడు. తర్వాత చొక్కా విప్పి, ఊత మొద్దుకి తగిలించి, మిగిలిన రాళ్ళు ఎక్కడ వేయాలి బాబాయ్ అని అడిగాడు.

"గుమాస్తా చేతులు, మెల్లిగా పట్టుకో. రాయికి దెబ్బ తగులుతుంది" అన్నాడు సిద్దీక్.

పొద్దు వాలేసరికి కింది రాళ్ళన్నీ పోయాయి. పక్కలు చదునయ్యాయి. ఊత మొద్దులు ఒకటొకటిగా వదులు చేసి తీశారు. బొట్టు చీలలేదు. సిద్దీక్ దూలం కింద నిలబడి అరచేత్తో రెండుసార్లు తట్టి చూశాడు. "నేను పెట్టినా ఇంతే" అన్నాడు. ఆ నోటి నుంచి అంతకన్నా పెద్ద మాట ఊళ్ళో ఎవరూ వినలేదు.

మహ్జూబ్ గుమ్మం దాటాడు. అలవాటుగా తల వంచి దాటాడు.

"జానెడు ఎత్తు వదిలి ఆ వంగడమేంటి బావా?"

మహ్జూబ్ వెనక్కి వచ్చాడు. ఒక్క క్షణం ఆగి, మెడ నిలిపి, మళ్ళీ దాటాడు. ఈసారి చూపు నేరుగా అవతలి గది గోడ మీద పడింది.

అప్పుడు నబ్రా తన పెట్టె తెరిచింది. అడుగున గుడ్డలో చుట్టిన పింగాణీ పళ్ళెం బయటికి తీసింది. అంచున నీలం పూలు, ఒక చోట పెచ్చు ఊడి ఉంది. పాత ఊళ్ళో అమ్మ ఇంటి గుమ్మం పైన గోడలో అదిమి ఉన్న పళ్ళెం. పడవ వచ్చిన రోజు కత్తితో తవ్వి తీసింది. పాతికేళ్ళుగా, ఇక్కడ కూడా పెట్టరాదా అని ఎవరడిగినా, ఇది ఇచ్చిన ఇల్లు, మనం కట్టింది కాదు అనేది.

"ఇప్పుడు పెట్టు" అంది.

మన వాడుక ప్రకారం గుమ్మం పైన పెట్టాలన్నాడు సిద్దీక్. పైన పెడితే నాకేం కనపడుతుంది, నా చేతికి అందేలా పెట్టమంది నబ్రా. మహ్జూబ్ ఆమె చేయి పట్టుకుని గోడ మీద ఆనించి, ఆ ఎత్తులోనే జిప్సం మెత్తి, పళ్ళెం అదిమి, గట్టిపడేదాకా అలాగే పట్టుకున్నాడు. చేయి తీసేసరికి ఎడమ బొటనవేలు దిగిన చోట గుంట మిగిలింది. దాన్ని పూడుద్దామని తాపీ అందుకున్నాడు. నబ్రా వేలితో తడిమి, ఉండనీ అంది.

ఫిక్రి ఆ సాయంత్రం వేడి రొట్టెల మూట తీసుకుని, ఖాళీ కారులో ఆస్వాన్ వెళ్ళిపోయాడు.

గుమ్మం పెట్టిన ఎనిమిదో నెల. నబ్రాకి రోకలితో గోడ కొట్టే అవసరం లేకపోయినా అలవాటు పోలేదు. గుమ్మం అంచు మీద మూడుసార్లు కొట్టేది. ఒక చలి పొద్దున కొట్టింది. జవాబుగా రెండు దెబ్బలు రాలేదు. రొట్టెల పళ్ళెం కింద పెట్టి గుమ్మం దాటింది. మహ్జూబ్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తలుపు వైపు మొహం పెట్టి. పక్కన డబ్బాలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆమె అతని చేయి పట్టుకునేసరికి అది ఇంకా వెచ్చగానే ఉంది. చుట్టు తిరిగి వచ్చి ఉంటే ఆ వెచ్చదనం ఆమెకి దొరికేది కాదు. ఊరికి కబురు పెట్టే ముందు చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు వాకిట్లో నీళ్ళు చల్లేది నబ్రానే. రోజూ పొద్దున్నే డబ్బా కోసం ఆ గుమ్మం దాటేటప్పుడు ఆమె చేయి ముందు పళ్ళెం మీద నీలం పూలని తడుముతుంది, ఆ తర్వాత పక్కకి జరిగి, జిప్సంలో ఉన్న బొటనవేలి గుంటలో ఆగుతుంది.