పరీక్షిత్తు అనే పేరు

పెద్దాయన ఉద్యోగమున్నన్నాళ్లూ సంస్కృత నిఘంటువుకు అర్థాలు రాశాడు. ఏ మాటకైనా ఒక్క అర్థమే చెప్పి ఊరుకోవడం ఆయన దృష్టిలో సగం అబద్ధం. ఉప్పు అందించమన్నా ముందు వ్యుత్పత్తి చెబుతాడని భార్య బతికున్నప్పుడు దెప్పుతుండేది. అలాంటి మనిషిని పేరు చెప్పమని అడగడం కూతురి తప్పే.

నెలలు నిండకుండా పుట్టిన మనవడు అద్దాల పెట్టెలో ఉన్నాడు. పిడికెడంత ప్రాణం. "పేరు పెట్టి పిలుస్తూ ఉండండమ్మా, మీ గొంతు వాడికి తెలుస్తుంది," అంది నర్సు. కూతురు నోరు విప్పలేదు. మొదటి బిడ్డకు కడుపులో ఉండగానే పేరు పెట్టుకుంది. ఆ పేరుతో పిలవడానికి బిడ్డ మిగల్లేదు. తండ్రివైపు తిరిగి, "నువ్వే చెప్పు నాన్నా," అంది.

"పరీక్షిత్తు," అన్నాడాయన వెంటనే. "కడుపులోనే అస్త్రం తగిలి, ఊపిరి లేకుండా పుట్టి, మళ్లీ బతికిన రాజు. లోపల తనను కాపాడినవాడు ఎవరా అని, కనిపించిన ప్రతి మొహాన్నీ పరీక్షగా చూసేవాడట. అందుకని ఆ పేరు."

కూతురి మొహం కాస్త తేటపడింది. అక్కడితో ఆగితే ఆయన సొమ్మేం పోయింది? ఆగలేదు. "ఇంకో అర్థం కూడా ఉందిలే. వంశం పరిక్షీణమైనప్పుడు, అంటే అంతా అడుగంటిపోయాక పుట్టినవాడని."

ఇక పిల్లలు పుట్టరని డాక్టరు ఆమెతో చెప్పింది నిన్ననే. అప్పుడు ఈయన పక్కనే ఉన్నాడు. నాలుక కరుచుకున్నాడు గానీ, మాట నోరు దాటిపోయింది. తన నోరు పడిపోతే బాగుండునని ఆయనకు నిజంగానే అనిపించింది.

అంతలో పెట్టె మీది గంట మోగింది. నర్సు పరుగున వచ్చి బిడ్డ అరికాలిని వేలితో తట్టింది. ఇంకోసారి తట్టింది. చిన్న ఛాతీ మళ్లీ కదిలింది. తండ్రీకూతుళ్లిద్దరూ గోడకు చేరగిలబడ్డారు.

"చివరికి ఏమయ్యాడు ఆ రాజు?" అని అడిగింది కూతురు, పెట్టె మీంచి కళ్లు తిప్పకుండా.

"పండు ముసలివాడై, నిద్రలో పోయాడమ్మా."

"పాము కరిచి పోయాడు," అందామె. "చిన్నప్పుడు నువ్వే చెప్పావు. భయమేసి ఆ రోజు నీ పక్కలోనే పడుకున్నాను."

ఆయన తల దించుకున్నాడు.

"పాము వచ్చేలోగా అరవై ఏళ్లు ఏలాడని కూడా చెప్పావు నాన్నా." ఆమె పెట్టె కన్నంలోంచి చెయ్యి పోనిచ్చి, బిడ్డ అరచేతిలో వేలు పెట్టింది. "పరీక్షిత్తూ," అని పిలిచింది. బిడ్డ కళ్లు తెరవలేదు. మళ్లీ పిలిచింది.