పిడికెడు ఆకలి

కుక్కపిల్లను బస్సు డ్రైవరు తన భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఖాళీ డబ్బాను ఒక చేత్తో పట్టుకుని, సంచిని గుండెకు ఆనించుకుని, రెండంతస్తుల మెట్లు మెల్లగా ఎక్కాడు. డిపో వెనకాల పాత టైర్ల మధ్య ఒక కుక్క ఈనింది. మిగతా పిల్లలను తలా ఒకటి పట్టుకుపోగా ఇది మిగిలింది. అరచేతిలో ఇమిడేంత ఉండటం చూసి కూతురు దానికి పిడికెడు అని పేరు పెట్టింది.

తెస్తానని అతను ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురే. అతను, ఏడో తరగతి చదివే కూతురు, అత్తగారు. భార్య పెద్దాసుపత్రిలో పోయి ఏడాది కావస్తోంది. పిల్లకు నాలుగు రోజులు వండిపెట్టి వెళదామని వచ్చిన అత్తగారు మళ్లీ వెళ్లలేదు. వెళ్లమని అతనూ అనలేదు. ఒకరి మాటకు ఇంకొకరు ఎదురు చెప్పిన సందర్భం ఆ ఇంట్లో లేదు. ఎదురు చెప్పడానికి అసలు మాటంటూ ఉంటే కదా.

అత్తగారు సంచిలోకి తొంగి చూసింది.

"ఏంటి బాబూ ఇది?"

"కుక్కపిల్ల అత్తయ్యా."

"అది కనిపిస్తూనే ఉంది. ఎందుకని అడుగుతున్నాను."

ఉంటుందిలెండి అన్నాడు. ఉంటే ఉండనివ్వండి గానీ దాని పనులు మాత్రం తనకు చెప్పవద్దని, ఈ వయసులో ఇంకో పసిదాన్ని సాకే ఓపిక తనకు లేదని ఆవిడ తేల్చి చెప్పి వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఉంటుందిలెండి అన్నంత తేలిక కాదు, ఉంచుకోవడం. మొదటి వారంలోనే పిడికెడు ముగ్గురి చేతా మూడు చెరువుల నీళ్లు తాగించింది. అత్తగారి మంచం కోడును కొరికి కొరికి కొసన కుంచె చేసింది. ఫోన్ ఛార్జర్ తీగను రెండు ముక్కలు చేసింది. ఒక తెల్లవారుజామున, ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసిన యూనిఫాం ప్యాంటును కిందికి లాగి దాని మీద తడిపింది. రెండో ప్యాంటు దండెం మీద ఇంకా నీళ్లు కారుతోంది. చేసేదేమీ లేక అతను ఆ ప్యాంటు మీదే నాలుగు చుక్కల సబ్బునీళ్లు చల్లుకుని డ్యూటీకి వెళ్లాడు. మొదటి ట్రిప్పు సగమయ్యేసరికి కండక్టరు ముందుకొచ్చి ముక్కు తుడుచుకుంటూ, "అన్నా, ఇవాళ ముందు సీట్లన్నీ నీకే రాసిచ్చేశారు జనం" అన్నాడు.

ఖర్చుల సంగతి చెప్పనక్కర్లేదు. టీకాలు, నులిపురుగుల మందు, మెడపట్టీ, పడక, ఆ పడకను చింపాక ఇంకో పడక. స్కూటరు వెనక టైరు అరిగిపోయి ఉంది. దాన్ని మార్చడం వాయిదా వేసి అతను డిపోకు నడవడం మొదలుపెట్టాడు. ఆదివారాలు కూడా డ్యూటీకి పేరు రాయించాడు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే బకెట్టు, చీపురు పట్టుకుని మెట్లన్నీ కడిగేవాడు. ఎందుకంటే కింది వాటాలో ఉన్న ఇంటి యజమాని, వాసన గనక ఇలాగే ఉంటే నెల తిరిగేలోగా కుక్కో మీరో ఖాళీ చేయాల్సి వస్తుందని మర్యాదగానే చెప్పాడు.

ఇదంతా ఒక ఎత్తు. రెండో నెలలో పిడికెడు జబ్బుపడటం ఒక ఎత్తు.

ముందు వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. పొట్ట డోలులా ఉబ్బేది. కాళ్లు తేలిపోయేవి. జంతువుల ఆసుపత్రి డాక్టరమ్మ మొదట పెద్ద జబ్బేమోనని అనుమానించి పరీక్షలు చేయించింది. కాదని తేలింది. రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుని సెలైను ఎక్కించి, కొలతగా తిండి పెట్టి పంపింది. పిల్ల గంతులేసుకుంటూ ఇంటికి వచ్చింది. వారం తిరిగేసరికి మళ్లీ అదే వరస. మూడోసారి తీసుకువెళ్లినప్పుడు డాక్టరమ్మ మందుల చీటీ రాయకుండా కలం పక్కన పెట్టింది.

"మా దగ్గర ఉంటే బాగుంటోంది, మీ ఇంటికి రాగానే పాడవుతోంది. ఏం పెడుతున్నారండీ దీనికి?"

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చాక ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, మీరు చెప్పిన గ్లాసుతోనే కొలిచి పెడుతున్నానని అతను చెప్పాడు. అది అక్షరాలా నిజం. డాక్టరమ్మ పిల్ల పొట్టను వేళ్లతో తట్టి చూసింది.

"ఇది రెండు పూటల పొట్ట కాదు. ఎక్కడో ఏదో తింటోంది. ఇంకోసారి ఇలా అయితే ఇంత ఒళ్లు తట్టుకోలేదు. మీకు కుదరకపోతే, కనిపెట్టి చూసుకునే మనిషి ఉన్న ఇంటికి ఇచ్చేయండి. అందులో తప్పేమీ లేదు."

ఆమె మంచికే చెప్పింది. అయినా ఆ మాట అతని వెంట ఇంటిదాకా నడిచింది.

అత్తగారికి చెప్తే, ఇచ్చేస్తేనే దానికి మంచిదేమో బాబూ అని గోడకేసి చూస్తూ అంది. కూతురు లేచి వెళ్లి తన గది తలుపు వేసుకుంది. ఆ సాయంత్రమే, సంగతి తెలిసిన అతని అక్క ఫోన్ చేసింది. ఆమెకు ఊరి చివర సరుకుల గోదాము ఉంది. అక్కడైతే కాపలావాడు రోజంతా ఉంటాడని, కుక్క తిరగడానికి బోలెడంత చోటుందని, ఆదివారం వచ్చి తీసుకుపోతానని ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

"వద్దక్కా."

"ఎందుకురా ఆ మొండితనం? నీకు నువ్వు వండుకోవడమే చేతకాదు, దానికి సేవలు చేస్తావా?"

"చేస్తాను. ఈ ఇంట్లోంచి ఇంకెవర్నీ పంపలేను."

అవతల కాసేపు గోదాములో మూటలు దించుతున్న చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత అక్క, "సరే. రెండు డబ్బాలు ఫినాయిలు పంపిస్తాను. మెట్లు సరిగ్గా కడుగు" అని ఫోన్ పెట్టేసింది.

అతని అనుమానమంతా మెట్ల మీద. పక్క వాటాల వాళ్లు మిగిలినవి పారేస్తున్నారేమో, తలుపు సందులోంచి పిల్లలు ఏదైనా పడేస్తున్నారేమో. ఎవరో ఒకరు ఈ పని చేస్తున్నారు. వాళ్లను పట్టుకుంటే సగం జబ్బు నయమైనట్టే. అతను ఒక రోజు సెలవు పెట్టాడు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మామూలుగానే తెల్లవారుజామున బయలుదేరి, కూతురు బడికి వెళ్లాక, అత్తగారు పాల కోసం కిందికి దిగిన సమయం చూసి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. హాలు పక్కన ఉన్న బాల్కనీలో దండెం మీద దుప్పటి ఆరేసి ఉంది. దాని వెనకాల పీట వేసుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి వీధి తలుపూ కనిపిస్తుంది, హాలూ కనిపిస్తుంది. సొంత ఇంట్లో దొంగలా నక్కడం అతనికే సిగ్గనిపించింది. దుప్పటి కింద నుంచి పిడికెడు ఒకసారి వచ్చి అతని బూట్లు వాసన చూసి, చేతిలో తిండి లేదని నిర్ధారించుకుని వెళ్లిపోయింది.

అత్తగారు తిరిగి వచ్చింది. కుక్కపిల్ల వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చుంది. చెవులు వాల్చి, మెడ జాపి, పుట్టి బుద్ధెరిగాక మెతుకు ముట్టనట్టు మొహం పెట్టింది. ఆవిడ పో అంది. అది పోలేదు. ఆవిడ వంటగదిలోకి వెళ్లింది. అది గుమ్మంలో పడుకుని నిట్టూర్చింది. కాసేపటికి ఆవిడ గిన్నెతో బయటికి వచ్చి, మోకాళ్ల నొప్పులని కుర్చీలో తప్ప కూర్చోని మనిషి, గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. రొట్టె తుంచి పాలల్లో నానబెట్టి వేళ్లతో అందించసాగింది.

"తిను. వాళ్లకేం పట్టింది? ఒకాయన చీకటితో పోతాడు, ఒకత్తి పుస్తకాల సంచి తగిలించుకుని పోతుంది. తిన్నావా అని అడిగే దిక్కు లేదు ఈ ఇంట్లో."

దుప్పటి వెనకాల అతను కదలలేదు. అత్తగారిని తిన్నారా అని తాను ఎప్పుడు అడిగాడో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. భార్య ఉన్న రోజుల్లో అందరూ వచ్చేదాకా గిన్నెల మీద మూత తీయనిచ్చేది కాదు. ఇప్పుడు అత్తగారు వండి మూతలు పెట్టి ఉంచుతుంది. ఎవరు ఇంటికి వస్తే వాళ్లు మూత తీసి వడ్డించుకుంటారు. ఎవరి పళ్లెం వాళ్లు కడిగి బోర్లిస్తారు. పొద్దున చూస్తే సింకు పక్కన మూడు పళ్లేలు ఆరి ఉంటాయి. ఏది ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు.

అత్తగారు నిద్రపోయింది. అతని కాళ్లు తిమ్మిరెక్కాయి. తాను పిడికెడుకు తిండి పెట్టే వేళ దాటిపోయింది. అది ఏమాత్రం బెంగపడకుండా నేల మీద వెల్లకిలా పడుకుంది.

సాయంత్రం కూతురు వచ్చి సంచి విసిరేసింది. పిడికెడు లేచి, ఒళ్లు విరుచుకుని, మళ్లీ ఆ మొహమే పెట్టుకుని వెళ్లింది. కూతురు తన భోజనం డబ్బా తెరిచింది. అందులో ఉడికించిన గుడ్డు పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది.

"నాన్న మర్చిపోతాడు. అమ్మమ్మకి నువ్వంటే పడదు. నేను లేకపోతే నీ గతేంటే?" అంటూ గుడ్డును చిదిపి పెట్టింది.

అతను దుప్పటి తప్పించి లేచాడు. కూతురు గోడకు అంటుకుపోయింది. కుక్కపిల్ల మాత్రం మూతి నాక్కుంటూ అతని దగ్గరికి వచ్చింది. చెవులు వాల్చి, మెడ జాపి, కళ్లలో నీళ్లు నింపుకుని చూసింది. రోజంతా కళ్లారా చూసినవాడి చెయ్యి కూడా అలవాటుగా కొలత గ్లాసు మీదికి వెళ్లింది. అప్పుడు అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు అతనికే కొత్తగా వినిపించింది.

చప్పుడుకు అత్తగారు లేచి వచ్చింది. సంగతంతా విని, తాను పెట్టింది ఒక్క రొట్టె ముక్కేనని అంది. నేనూ ఒక్క గుడ్డే అంది కూతురు. రాత్రి అందరూ పడుకున్నాక తానొక బిస్కెట్టు కూడా పెడుతున్నట్టు అతను ఒప్పుకున్నాడు. ఎవరికి వాళ్లు మిగతా ఇద్దరికీ దాని మీద ప్రేమ లేదని నమ్మి, పస్తులుంటోందని జాలిపడి, చాటుగా పెడుతూ వచ్చారు. ఒకే కప్పు కింద పిడికెడు మూడు ఇళ్లలో భోంచేస్తోంది.

"పాలు దానికి పడవట అత్తయ్యా" అన్నాడు.

"ఎవరైనా చెప్తేగా నాకు తెలిసేది" అంది ఆవిడ.

ఆ మాటా నిజమే.

మర్నాడు అతను డిపోలో డ్యూటీలు వేసే అధికారి దగ్గరికి వెళ్లి, తెల్లవారుజాము డ్యూటీ వదులుకుంటానని, పొద్దున ఇంట్లో తిని బయలుదేరితే సాయంత్రం ఆరుకల్లా ఇంటికి పంపే బండి ఏదైనా ఇవ్వమని అడిగాడు. అధికారి కాగితం మీద నుంచి తల ఎత్తి, అలాంటిది ఒకే ఒక్క రూటు ఖాళీగా ఉందన్నాడు. పెద్దాసుపత్రి మీదుగా వెళ్లేది. ఆ రూటు తప్పించమనే కదా నువ్వు ఏడాది కిందట నన్ను బతిమాలుకుంది, పైగా చీకటి డ్యూటీ భత్యం కూడా పోతుంది, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించే వచ్చానన్నాడు డ్రైవరు.

మొదటి రోజు ఆసుపత్రి స్టాపులో బస్సు ఆపాడు. తలుపులు తీశాడు. చేతుల్లో ఫ్లాస్కులతో, మందుల సంచులతో జనం ఎక్కారు. అందరూ ఎక్కేదాకా అద్దంలో చూశాడు. తలుపులు వేసి బండి కదిలించాడు.

ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. కుక్కకు పొద్దున ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి. పెట్టేది ముగ్గురి కళ్ల ముందు, ముగ్గురూ తినే వేళకే. మధ్యలో ఎవరు లొంగినా రాత్రి భోజనం దగ్గర చెప్పి తీరాలి. మొదటి నాలుగు రోజులూ అత్తగారే లొంగింది, అత్తగారే చెప్పింది. పిడికెడు కూడా ఓడిపోవడానికి సిద్ధంగా లేదు. తన గిన్నె ఖాళీ కాగానే ఒకరి కుర్చీ దగ్గరి నుంచి ఇంకొకరి కుర్చీ దగ్గరికి వెళ్లి మూలిగేది, మోకాలి మీద గడ్డం ఆనించేది. ముగ్గురూ తమ పళ్లేల వంక తప్ప ఇంకెటూ చూడకుండా బిగుసుకుని తినేవాళ్లు. ఎవరైనా లేస్తే వంటగదిలోకి వెంటపడుతుంది, గిన్నెల మీదికి ఎగబడుతుంది. కాబట్టి అది పడుకునేదాకా ఎవరూ లేవకూడదని అత్తగారు రూలు పెట్టింది.

మళ్లీ జంతువుల ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ పొట్ట తట్టి చూసి, ఇప్పుడు ఇది రెండు పూటల పొట్టేనంది. ఎవరికైనా ఇచ్చేశారనుకున్నానంది. మనుషులున్న ఇంటికే ఇచ్చామండి అన్నాడు అతను.

ఆ రాత్రీ ఎంగిలి చేతులు ఎండిపోతున్నా ముగ్గురూ కూర్చునే ఉన్నారు. బడిలో లెక్కల టీచరు కుర్చీ విరిగి కింద పడ్డ సంగతి కూతురు చెప్పింది. చెప్పకముందే తనకే నవ్వు ఆగలేదు. అత్తగారు మంచినీళ్ల గ్లాసు అతని వైపు జరిపి, "ఆ బండి ఆసుపత్రి మీదుగానే కదూ వెళ్లేది?" అని అడిగింది.

"అవునత్తయ్యా."

"రోజూనా?"

"రోజుకు ఆరుసార్లు."

ఆవిడ తల ఊపింది. అతని పళ్లెం అంచున ఉన్న మెతుకును వేలితో తీసి పక్కన పెట్టింది. కూతురు మెడ వంచకుండా, పెదవులు మాత్రం కదిలిస్తూ, "అమ్మమ్మా, పడుకుందా?" అని అడిగింది.

అత్తగారు బల్ల కిందికి వంగి చూసింది. పిడికెడు ఆవిడ పాదం మీద తల పెట్టుకుని గురకపెడుతోంది. ఆ గురక ముగ్గురికీ వినిపిస్తోంది.

"ఇంకా లేదు" అంది ఆవిడ.

ఎవరూ లేవలేదు.