నాచారం ఎత్తు

'చల్లగాలి' సంస్థను నడిపే భాగ్యశ్రీకి సైకిల్ తొక్కడం రాదు. ఈ సంగతి ఆమె భర్త రామ్మోహనరావుకు తప్ప నాచారంలో ఇంకెవరికీ తెలియదు. ఆయనకు తెలిసినా భయం లేదు. ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగమంతా రాళ్లతోనే గడిపి, మాట్లాడకుండా ఉండడం వాటి దగ్గరే నేర్చుకున్న మనిషాయన.

చల్లగాలి వాళ్ల పని ఒక్కటే. మెట్లు దిగలేక, ఆటో ఎక్కలేక, బాల్కనీ గ్రిల్లు పట్టుకుని వీధిని చూస్తూ కూర్చునే పెద్దవాళ్లను ఆదివారం పొద్దున్నే మూడు చక్రాల బండిలో ఊరు తిప్పి తీసుకురావడం. దాన్ని రిక్షా అన్నారో, భాగ్యశ్రీకి ఒళ్లు మండుతుంది. రిక్షాలో కూర్చుంటే కనబడేది లాగేవాడి వీపు. ఇందులో సీటు ముందుంటుంది, తొక్కేవాళ్లు వెనకుంటారు. పైన ఎండకు గొడుగు, ఒళ్లో దుప్పటి, నడుముకు బెల్టు. పెద్దవాళ్లు ఊరేగింపులో పెళ్లికొడుకుల్లా కూర్చుంటే రోడ్డంతా వాళ్లకే ఎదురొస్తుంది. ఉప్పల్‌లో వెల్డింగ్ షాపువాడితో నానా గొడవా పడి, దగ్గరుండి చేయించింది ఆ బండిని. ఎత్తు రోడ్లకని చిన్న బ్యాటరీ మోటారు కూడా పెట్టించింది. స్విచ్ వేస్తే గండుతుమ్మెదలా జుమ్మంటుంది.

వాలంటీర్లకు పాఠం చెప్పేది కూడా ఆమే. నేల మీద నిలబడి, చేతులు కట్టుకుని చెబుతుంది.

"మీకు వచ్చిన సైకిల్ మర్చిపోండి. ఒళ్లు వంచితే ఇది తిరగదు, హ్యాండిల్ తిప్పాల్సిందే. ఎత్తు మొదలవకముందే మోటారు స్విచ్ వేసుకోండి."

ఈ పాఠం చెవిన పెట్టని గిరిప్రసాద్ గారు, రైల్వేలో సర్వీసంతా సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లిన మనిషి, మొదటి రోజే ఒళ్లు వంచి బండిని తిన్నగా కొబ్బరిబొండాల కుప్పలోకి పట్టుకుపోయారు. "ఒక్కసారి మీరు తొక్కి చూపించండి మేడమ్" అని ఎవరైనా అడిగితే "మోకాలు నాయనా" అని భాగ్యశ్రీ మొహం చిట్లించేది. ఆ మోకాలికి ఏ రోగమూ లేదు. లిఫ్టు చెడిపోయిన రోజున నీళ్ల క్యాను మూడో అంతస్తుకు మోసిన మోకాలది.

కాకినాడలో చిన్నప్పుడు అన్నయ్య సైకిల్ ఎక్కి ఒకసారి పడింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. "పెళ్లి కావాల్సిన పిల్ల, మచ్చలు పడితే ఎవడు చేసుకుంటాడు?" అని నాయనమ్మ ఇల్లెగిరేలా అరిచింది. సైకిల్ అన్నయ్యకే మిగిలింది. భాగ్యశ్రీకి భయం మిగిలింది. ఆ తర్వాత చెప్పుకోడానికి సిగ్గు కూడా తోడైంది. సైకిళ్ల సంస్థ పెట్టి, నాకు సైకిల్ రాదని ఏ మొహంతో చెప్పుకుంటుంది?

ఆ ఆదివారం శాంతాబాయి వంతు. ఉప్పల్ సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి ఎప్పుడో రిటైరైంది. వయసులో ఉన్నప్పుడు తెల్లచీర కట్టి నాచారం నుంచి ఉప్పల్‌కు రోజూ సైకిల్ మీద వెళ్లేది. సైకిల్ నర్సమ్మ అంటే ఇప్పటికీ పాతవాళ్లు గుర్తుపడతారు. ఇప్పుడు తుంటి విరిగి, వాకర్ పట్టుకుని గేటు దాకా రావడమే గొప్ప. ఆమె వంతు రెండుసార్లు వానకు కొట్టుకుపోయింది. ఇక వాయిదా వేయడానికి వీల్లేదు. మర్నాడే కొడుకు ఉపేందర్ ఇల్లు ఖాళీ చేసి, ఆమెను నాగారంలో కొత్తగా కొన్న ఫ్లాటుకు తీసుకెళ్లిపోతున్నాడు.

పేరు ఇచ్చిన రోజునే శాంతాబాయి చెప్పింది. "నేను గీ నాచారంకు సైకిల్ మీద వచ్చిన బిడ్డా. సైకిల్ మీదనే అందరికీ దండం పెట్టి పోత. కారుల అద్దాలు మూసుకొని పోతే నేను పోయినట్టు ఎవ్వరికెరుక?"

తీరా ఆ పొద్దున బండి తొక్కాల్సిన గిరిప్రసాద్ గారికి నడుం పట్టేసింది. ఇంకో డ్రైవర్ హృషికేశ్ అంబర్‌పేట్‌లో పెళ్లికి వెళ్లి ఫోన్ ఎత్తడం లేదు. భాగ్యశ్రీ బండిని తోసుకుంటూ శాంతాబాయి గేటు దగ్గరకు వెళ్లేసరికి ఆవిడ సిద్ధంగా ఉంది. గంజి పెట్టిన తెల్లచీర, చేతికి వాచీ, మొహానికి పౌడరు. వెనక ఉపేందర్ మర్నాటి ప్రయాణానికని డీసీఎం వ్యానులోకి సామాను ముందే ఎక్కిస్తున్నాడు.

విషయం విని ఉపేందర్ తేలిగ్గా అన్నాడు. "ఇడ్వు అమ్మా. మల్లెప్పుడన్న తోల్కొస్త గద."

శాంతాబాయి కుచ్చిళ్లు సర్దుకుంది. అప్పటికే సర్దినవే మళ్లీ సర్దుకుంది. ఆ మల్లెప్పుడో అనేది రాదని ముగ్గురికీ తెలుసు.

"పెద్దమ్మా, నేను తీసుకెళ్లేదాన్నే. కానీ..." అని ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "నాకు సైకిల్ రాదు."

"ఏందీ?"

"సైకిల్ తొక్కడం రాదు నాకు. ఎప్పుడూ రాదు. మోకాలు నొప్పని అబద్ధం చెబుతున్నాను."

శాంతాబాయి రెప్ప వేయకుండా చూసింది. తర్వాత పడీపడీ నవ్వింది. వాకర్ కూడా ఊగింది.

"ఓసినీ! మూడు చక్రాల బండి పడ్తదా ఏంది? సైకిల్ మరిచిపోన్రి, మరిచిపోన్రి అని అందరికీ చెప్తవు గదనే. నీకు మరిచేటందుకే లేదాయె. నీకంటే మంచి డ్రైవర్ ఎవరుంటరు?"

"అమ్మా, గిదేం పని? పడేస్తే?" అని ఉపేందర్ పరుగెత్తుకొచ్చాడు.

"ముందు మన గల్లీల తిరుగుతం. ఆమెకు కాళ్లున్నయి, నాకు ఎరుక ఉన్నది. నువ్వు ఫికర్ చెయ్యకు, మంచం కోళ్లు చూసుకో."

కొడుకు తల గోక్కుంటూనే తల్లిని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. పిట్టంత మనిషి. బెల్టు పెట్టి రెండుసార్లు లాగి చూశాడు.

భాగ్యశ్రీ కొంగు నడుముకు దోపి సీటెక్కింది. పెడల్ నొక్కితే బండి కదిలింది. కదలడం చూసి ఆమే ఉలిక్కిపడి బ్రేకు వేసింది. ముందు నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. "బిగబట్టకు. ఊపిరి తీస్కో. చక్రం దిక్కు సూడకు, రోడ్డు దిక్కు సూడు. మలుపుల కాళ్లు ఆపకు." గల్లీలో అటూ ఇటూ తిరిగారు. ఒక కుక్క లేచి పక్కకు జరిగింది, పాల ప్యాకెట్ల అబ్బాయి గోడకు అతుక్కుపోయాడు. బండి ఎవరికీ తగల్లేదు. ఒళ్లు వంచే అలవాటే లేని భాగ్యశ్రీ హ్యాండిల్ తిప్పిన చోటల్లా బండి బుద్ధిగా తిరిగింది.

"గల్లీ అయింది. ఇగ మెయిన్ రోడ్డు" అంది శాంతాబాయి.

ఆదివారం పొద్దున రోడ్డు ఖాళీగానే ఉంది. హోటల్ ముందు టీ తాగుతున్నవాళ్లు తలలు తిప్పారు. శాంతాబాయి రెండు చేతులూ జోడించి, మహారాణిలా ఇటొక దండం, అటొక దండం పెట్టుకుంటూ పోతోంది. కటింగ్ షాపు ముందు నెరిసిన మీసాలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నర్సమ్మా! మల్లా సైకిలెక్కినవా?"

"ఎక్కిన బిడ్డా! రేపు నాగారం పోతున్న. పైలం!" అని కేకేసి, వెనక్కి తిరగకుండానే చెప్పింది. "వాడు నా చేతుల్లనే పుట్టిండు. నాలుగున్నర కిలోలు. వాళ్లమ్మను మస్తు సతాయించిండు."

ఇంకొంచెం ముందు ఎత్తు వచ్చింది. బస్సుల్లో వెళ్లేవాళ్లకు అదొక ఎత్తని కూడా తెలియదు. బండి వేగం తగ్గింది, పెడల్ రాయిలా బిగుసుకుంది. భాగ్యశ్రీ సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. తొడలు మండాయి, కళ్లలోకి చెమట కారింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. దిగిపోదామా అనిపించింది. ముందు సీట్లోని తెల్లజుట్టు ముడి అటూ ఇటూ కదలకుండా నిటారుగా ఉంది. ఆ ముడినే చూస్తూ తొక్కింది. నాయనమ్మ గుర్తొచ్చింది, కోపం వచ్చింది, ఆ కోపం కూడా పెడల్ మీదే పెట్టింది.

"ఇంకొక్కటి. ఇంకొక్కటి. ఆగకు" అంటోంది శాంతాబాయి, కాన్పు చేయించే గొంతుతో.

ఎత్తు మీదికి చేరి బండి పక్కకు తీసి బ్రేకు బిగించింది భాగ్యశ్రీ. రొప్పుతోంది. ఎత్తెక్కాక ఆపకపోతే బ్యాటరీ అయిపోతుందని అందరికీ తను చెప్పే జాగ్రత్త గుర్తొచ్చి, మోటారు ఆపడానికి స్విచ్ మీద చెయ్యి వేసింది. ఆపడానికేముంది! అసలు వేయనే లేదు.

"పెద్దమ్మా... మోటారు వేయడం మర్చిపోయాను."

"నాకెరుకే. జుమ్మని చప్పుడు రాలే గద."

"మరి చెప్పలేదేం? ప్రాణం పోయిందనుకున్నాను!"

శాంతాబాయి మెడ తిప్పి చూసింది. "చెప్తే వేసుకుందువు. పైకెక్కినంక మోటారే ఎక్కిందందువు. ఇప్పుడేమంటవు?"

భాగ్యశ్రీ వెనక్కి తిరిగి తనెక్కిన రోడ్డును చూసుకుంది. గుండె గర్వంతో పొంగింది. అబద్ధం ఎందుకు, ఏడుపు కూడా వచ్చింది. శాంతాబాయి చెయ్యి వెనక్కి చాచి ఆమె వేళ్లు పట్టుకుంది.

"నేను పోతున్ననని గిప్పటిదాంక దిగులుండె" అంది. "ఇప్పుడు లేదు. నాచారంల ఇంకో సైకిలామె ఉన్నది."

తిరుగు దారిలో ఎత్తు దిగేటప్పుడు బండి దానంతటదే పరుగెత్తింది. బ్రేకు మీద వేళ్లుంచి భాగ్యశ్రీ దారి పొడవునా గంట కొట్టింది. అడ్డం ఎవరూ లేకపోయినా కొట్టింది. గేటు దగ్గర ఉపేందర్ తల్లిని దింపి, ఆమె మొహం చూసి, అడగబోయినవన్నీ మానేశాడు.

భాగ్యశ్రీ తన అపార్ట్‌మెంటు దాకా బండిని తోయలేదు. తొక్కుకుంటూనే వచ్చింది. రామ్మోహనరావు పేపరు పట్టుకుని కింద గేటు బయటే నిలబడి ఉన్నాడు. ఆమె మెయిన్ రోడ్డు మలుపు తిరిగినప్పటి నుంచీ చూస్తున్నట్టున్నాడు, పేపరు తలకిందులుగా ఉంది. చుట్టూ వాచ్‌మన్, ఇద్దరు పక్కింటివాళ్లు. ఆయన భార్యను చూసి, అందరికీ వినపడేలా నోరు విప్పాడు.

"మోకాలు తగ్గిందా?"

"తగ్గింది" అంది భాగ్యశ్రీ, ఇంకో గంట కొట్టి. "వచ్చే ఆదివారం నుంచి డ్రైవర్ని నేనే."